ఉపాధ్యాయ శ్రీ యశోవిజయులు

వాదములో గెలుచుట ఒక విద్య. ఎదుటివాడు తన మాటను ఏ అర్థమున పలికెనో గ్రహించుట మరియొక విద్య. ఈ రెంటను ఆరితేరిన మహనీయులు శ్రీ యశోవిజయోపాధ్యాయులు.

వీరు 17వ శతాబ్దమున గుజరాతులోని కనోడా గ్రామమున జన్మించిరి. బాల్యముననే శ్రీ నయవిజయుల వద్ద దీక్ష గైకొనిరి. అహమదాబాదులో వీరు చేసిన అవధానమునకు ధనజీ సూరా అను వర్తకుడు ఆశ్చర్యపడి, ఈ బాలమునికి కాశీలో తర్కము చెప్పించవలెనని తలచి, ఖర్చు తానే భరించెనని చరిత్రలు చెప్పుచున్నవి. గురుశిష్యులు కాశికి వెళ్లిరి. అచ్చట నవ్యన్యాయము చదివి వీరు న్యాయవిశారద బిరుదమును పొందిరి.

వీరు రచించిన జైన తర్కభాషలో ప్రమాణము, నయము, నిక్షేపము అని మూడు భాగములున్నవి. నయమనగా వస్తువును ఒక వైపునుండి చూచు దృష్టి. నయములు 7. పూర్వాచార్యులు వీనికి చెప్పిన ఉదాహరణ మన అంగళ్లకు చెందినదే. ధాన్యము కొలుచు కొయ్యపాత్రకు ప్రస్థమని పేరు. దానికై కొయ్య నరుకుటకు అడవికి పోవువాడు, ఎక్కడికని అడిగినచో, ప్రస్థమునకని చెప్పును. కొయ్య ఇంకను చెట్టుగనే యున్నను నైగమనయమున ఆ మాట సత్యమే. ధాన్యముతో నిండినప్పుడే అది ప్రస్థమనునది సంగ్రహనయము.

చివరి 3 నయములు శబ్దార్థమునకు సంబంధించినవి. శబ్దనయమున ఇంద్రుడన్నను, పురందరుడన్నను ఒక్కరే. సమభిరూఢమున పేరు మారిన అర్థమును మారును. ఇంద్రుడు ఐశ్వర్యవంతుడు, పురందరుడు పురములను భేదించువాడు. ఏవంభూతమున, భేదించుచున్న సమయముననే అతడు పురందరుడు. ఏ నయమైనను తానే పూర్ణసత్యమని తక్కినవానిని త్రోసివేసిన నయాభాసమగును.

శ్వేతాంబరులైన వీరు దిగంబర సిద్ధాంతములను గట్టిగా ఖండించిరి. అయినను దిగంబరాచార్యులు విద్యానందుల అష్టసహస్రికి శ్రద్ధతో వివరణము వ్రాసిరి. భేదించినవారి గ్రంథమునే చదివి వివరించుట సామాన్యము కాదు.

1688 ప్రాంతమున వీరు దభోయిలో కాలధర్మము చెందిరి.

లాభమను మాటకు ఒక భాగస్థుడు రావలసిన బాకీని కూడ కలుపుకొనును. రెండవవాడు పెట్టెలోని రొక్కమునే లెక్కించును. ఇద్దరును అబద్ధమాడుట లేదు. అయినను అంగడి రెండగును, అన్నదమ్ములు విడిపోవుదురు. తగవునకు పూర్వమే మాట అర్థమును తేల్చుకొనిన ఇంటికి ఉపాధ్యాయుల విద్య చేరినట్లే.