వరుసను పట్టికగా మలచిన ఐవర్సన్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం వ్రాయమని కార్యదర్శిగారు కోరగా, నేను కెన్నెత్ ఐవర్సన్‌ను ఎంచుకున్నాను. కంప్యూటర్ చదివిన మన మనుమలకు తెలిసిన పేరే గాని, జీవితమంతా పట్టికలు గీసిన మనకూ ఆయన దగ్గరివారేనని నా అభిప్రాయం.

ఆయన 1920 డిసెంబరు 17న కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో జన్మించారు. తొమ్మిదో తరగతితో బడి మాని పొలం పనిలో దిగారు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక కొలువులో ఉంటూనే పోస్టు ద్వారా హైస్కూలు పాఠాలు చదివారు. పగలు ఆఫీసు, రాత్రి డిపార్ట్‌మెంటల్ పరీక్షల చదువు ఎరిగిన మనకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. 1954లో హార్వర్డులో డాక్టరేటు పొంది, అక్కడే అధ్యాపకులయ్యారు.

తరగతిలో లెక్కల పద్ధతులను క్లుప్తంగా చూపడానికి ఆయన ఒక లిపి కల్పించుకున్నారు. అది మొదట యంత్రం కోసం కాదు, నల్లబల్ల కోసం! హార్వర్డు ఆయన ఉద్యోగాన్ని స్థిరపరచలేదు. 1960లో ఐబీఎం కంపెనీలో చేరి, 1962లో ఆ లిపిని పుస్తకంగా వెలువరించారు. 1966 నాటికి అదే ఏపీఎల్ అనే భాషగా కంప్యూటర్ మీద నడిచింది.

అందులో నన్ను ఆకట్టుకున్నది ఒకటుంది. ఒకే వరుసలో 24 అంకెలున్నాయనుకోండి. ముందు 2 3 4 అని వ్రాసి, ‘రో’ అనే గ్రీకు అక్షరం పెట్టి, పక్కన ఆ వరుస ఉంచితే చాలు. రెండు పుటలు, పుటకు మూడు అడ్డు వరుసలు, వరుసకు నాలుగు అంకెలుగా అమరిపోతాయి. అంకెల క్రమం చెదరదు, ఆకారమే మారుతుంది. అంకెలు చాలకపోతే మళ్లీ మొదటి నుంచి తీసుకుంటుంది, ఎక్కువైతే మిగిలినవి వదిలేస్తుంది. అంతా సున్నాల పట్టిక కావాలా? ఒక్క సున్నా ఇస్తే సరి. ఒకే ఆకారం గల రెండు పట్టికలను కూడడానికి ఒక్క కూడిక గుర్తు. జీతాల రిజిస్టరు మొత్తాలు కట్టడానికి మనం కూర్చున్న రాత్రులు తలచుకుంటే నవ్వు వస్తుంది.

1979లో ట్యూరింగ్ బహుమతి లభించింది. అయితే ఆ గ్రీకు గుర్తులు మామూలు కీబోర్డుపై ఉండవు. డెబ్బయ్యో పడిలో అడుగుపెడుతూ, 1990లో, రోజర్ హుయ్‌తో కలిసి ‘జె’ అనే కొత్త భాష తెచ్చారు. తాను తీర్చిదిద్దిన ‘రో’ను తీసివేసి డాలరు గుర్తు పెట్టారు. ఆ వయస్సులో తన చేతివ్రాతను తానే మార్చుకోవడం నాకు బహుమతి కంటే పెద్దదిగా తోస్తుంది.

2004 అక్టోబరులో, ‘జె’ పాఠం ఒకటి తయారుచేస్తూ కంప్యూటర్ ముందుండగా పక్షవాతం వచ్చింది. 19వ తేదీన టొరంటోలో కన్నుమూశారు.