ఏనుగుల వీరాస్వామయ్యగారు

మదరాసు సుప్రీముకోర్టులో ద్విభాషి యుద్యోగము చేయుచుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పెద్ద పరివారముతో కాశికి బయలుదేరిరి. చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, స్వయంకృషిచే ఇంగ్లీషు నేర్చి పైకి వచ్చిన వారాయన. కోరినది పుణ్యము, కాని త్రోవ వారి దృష్టిని దేవాలయములపైననే నిలువనీయలేదు.

శ్రీశైలమును సేవించి, కృష్ణ దాటి, వారు నిజాము రాజ్యమున అడుగిడినది మన పాలమూరు సీమలోనే. పెంటవెల్లి, పానుగల్లు, వనపర్తి, జడ్చర్లల మీదుగా హైదరాబాదు చేరిరి. ఇచ్చటి జమీందారులు కలహించి యొకరి గ్రామముల నొకరు కొల్లగొట్టుటయు, నడుమ రైతు నలిగిపోవుటయు, న్యాయము విచారించువారు లేకుండుటయు, జనులు ఆయుధపాణులై తిరుగుటయు వారు కన్నారు. కన్నది దాచక వ్రాసిరి. సంస్థానాధీశుల ప్రశస్తి కావ్యములలో ఈ రైతు మాకెన్నడును కానరాలేదు.

ఇదంతయు జూచి వారు కుంఫిణీ దొరతనమే మేలని తలంచిరి. ఉప్పు తిన్నవారి తీర్పది, మేమంగీకరింపజాలము. 1833లో గుంటూరు సీమ కరవుతో మాడినప్పుడు దాని నేలుచుండినది కుంఫిణీయే గదా! అయినను సాక్షి చెప్పినది సత్యమే.

1831 సెప్టెంబరు 3వ తేదీన మదరాసు చేరిరి. దారిపొడవునను మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి, పండితుల మెప్పు కోరక, వాడుకమాటలలోనే సంగతులు తెలియజేయుచు వచ్చిరి. ఆ వ్రాతలే కాశీయాత్ర చరిత్ర. పిళ్లగారు దానిని 1838లో అచ్చువేయించిరి. వీరాస్వామయ్యగారు 1836లోనే గతించిరి, అచ్చుప్రతిని చూడలేదు.