మార్తా కోస్టన్

మార్తా జేన్ కోస్టన్ (1826 డిసెంబరు 12 - 1904) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఆవిష్కర్త, వ్యాపారవేత్త. రాత్రివేళ ఓడ నుండి ఓడకు, ఓడ నుండి ఒడ్డుకు రంగుల మంటలతో సమాచారం పంపే విధానాన్ని రూపొందించి ప్రసిద్ధి చెందింది. వీటిని కోస్టన్ సంకేతాలు అంటారు. నౌకాదళం కోసం తయారైన ఈ దీపాలు తరువాతి కాలంలో సముద్ర తీరాలలోను, అమెరికా, కెనడాల నడుమ గల మహాసరస్సుల తీరాలలోను ఆపదలో చిక్కుకున్నవారిని కాపాడడానికి ఉపయోగపడ్డాయి. నేడు చిన్న పడవలలో ఉంచుకునే ఎర్రని చేతి ఫ్లేర్లకు పూర్వరూపాలుగా చెప్పదగినవాటిలో ఇవి ముఖ్యమైనవి.

బాల్యం, వివాహం

మార్తా హంట్ మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో జన్మించింది. తండ్రి మరణానంతరం కుటుంబం ఫిలడెల్ఫియాకు తరలివెళ్ళింది. అక్కడ బెంజమిన్ ఫ్రాంక్లిన్ కోస్టన్ అనే యువ ఆవిష్కర్తతో పరిచయమై, ఇంకా కౌమారం దాటకముందే పెద్దలకు తెలియకుండా అతనిని వివాహం చేసుకున్నది. బెంజమిన్ వాషింగ్టన్‌లోని నౌకాదళ ప్రయోగశాలకు అధిపతిగా పనిచేస్తూ రాకెట్ల మీద, ఫిరంగులను పేల్చే పరికరాల మీద ప్రయోగాలు చేశాడు. పారితోషికం విషయమై వివాదం తలెత్తగా 1847లో ఆ ఉద్యోగం వదలి, బోస్టన్‌లోని గ్యాస్ కంపెనీలో చేరాడు. రసాయనిక ధూమాల వలన అతని ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది. 1848 నవంబరులో మరణించాడు.

అప్పటికి మార్తా వయస్సు 21 సంవత్సరాలు. నలుగురు పిల్లలు. తరువాతి రెండేళ్ళలోనే ఇద్దరు పిల్లలను, తల్లిని కూడా పోగొట్టుకున్నది. చేతిలో డబ్బు లేదు. ఇల్లు గడిచే మార్గం ఏదైనా దొరుకుతుందేమోనని భర్త కాగితాలు వెదకగా, రాత్రిపూట సముద్రంపై వాడవలసిన రంగుల సంకేతాల పథకం ఒకటి కనబడింది.

రాత్రి సంకేతాల సమస్య

ఆ రోజులలో ఓడలకు రేడియో లేదు. పగలు జెండాలతో మాట్లాడుకునేవారు. చీకటి పడితే లాంతర్లు, తుపాకి శబ్దాలు, రాకెట్లు మాత్రమే గతి. లాంతరు వెలుగు ఎంతో దూరం పోదు. తుపాకి శబ్దం గాలి హోరులో కలిసిపోతుంది. వినబడినా, దానిని బట్టి ఏదో జరిగిందని తెలుస్తుందే గాని ఏమి జరిగిందో తెలియదు. దూరానికి స్పష్టంగా కనబడుతూ, ఒకదానితో ఒకటి పొరబడని రంగులు గల మంటలు కావలసి వచ్చాయి. బెంజమిన్ ఆలోచన ఇదే. అయితే అతను వదలి వెళ్ళినది ఆలోచన, కొన్ని రసాయనిక సూత్రాలు మాత్రమే. నౌకాదళం వారు పరీక్షించినప్పుడు ఆ మిశ్రమాలు సరిగా వెలగలేదు. ఆలోచన మంచిదని మాత్రం అధికారులు అంగీకరించారు.

పదేళ్ళ కృషి

మార్తాకు రసాయన శాస్త్రంలో శిక్షణ లేదు. రసాయనికులను నియమించుకుని, వారిచేత పదే పదే ప్రయోగాలు చేయించి, ఫలితాలను తానే పరీక్షిస్తూ దాదాపు పది సంవత్సరాలు గడిపింది. తెలుపు, ఎరుపు రంగులు సాధించగలిగారు. మూడవదిగా నీలం కావాలని, తద్వారా అమెరికా జెండాలోని మూడు రంగులూ కుదురుతాయని ఆమె ఆశించింది. అది సాధ్యపడలేదు. బాణసంచాలో నీలం రంగు నేటికీ కష్టమైనదే. రాగి సమ్మేళనాల నుండి వచ్చే ఈ రంగు మంట వేడి పెరిగిన కొద్దీ వెలవెలబోతుంది. ఎరుపునిచ్చే స్ట్రాన్షియం, ఆకుపచ్చనిచ్చే బేరియం లవణాలతో ఇంత ఇబ్బంది లేదు.

1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫు తీగ వేయడం పూర్తయిన సందర్భంగా న్యూయార్క్ నగరంలో ఉత్సవాలు జరిగాయి. అక్కడి బాణసంచా చూసిన మార్తాకు, తనకు కావలసిన రంగు బాణసంచా తయారీదారుల వద్ద దొరకవచ్చునని తోచింది. (ఆ తీగ కొద్ది వారాలకే పాడైపోయింది, దాని ఉత్సవం మాత్రం ఈ విధంగా అక్కరకు వచ్చింది.) స్త్రీ వ్రాసినదని తెలిస్తే పట్టించుకోరేమోనని పురుషుని పేరుతో వారికి ఉత్తరాలు వ్రాసింది. చివరకు నీలానికి బదులు మంచి ఆకుపచ్చ రంగు లభించింది.

పనిచేసే విధానం

కోస్టన్ సంకేతం చూడడానికి మన దీపావళి మతాబును పోలి ఉంటుంది. గొట్టంలో కూరిన మందు ఒకే రంగులో గాని, రెండు మూడు రంగులు ఒకదాని తరువాత ఒకటిగా గాని మండుతుంది. తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల వివిధ క్రమాలు 0 నుండి 9 వరకు అంకెలను సూచిస్తాయి. సిద్ధం కమ్మని చెప్పడానికి ఒకటి, అందినదని బదులివ్వడానికి మరొకటి, మొత్తం పన్నెండు గుర్తులు. అంకెలను వరుసగా వెలిగిస్తే సంకేత పుస్తకంలో ఆ సంఖ్యకు ఎదురుగా ఉన్న వాక్యం అవతలివారికి అర్థమవుతుంది.

పేటెంటు, నౌకాదళం

1859 ఏప్రిల్ 5న 23,536 సంఖ్య గల పేటెంటు మంజూరయింది. అందులో ఆవిష్కర్తగా ఉన్నది బెంజమిన్ పేరు. మార్తా అతని ఆస్తి నిర్వాహకురాలిగా మాత్రమే కనిపిస్తుంది. పదేళ్ళ క్రితం మరణించిన వ్యక్తికి దక్కిన ఈ పేటెంటులోని పని చాలావరకు అతని మరణం తరువాత జరిగినదే.

నౌకాదళం సంకేతాలను మెచ్చుకుని మొదట 6,000 డాలర్ల, తరువాత 15,000 డాలర్ల విలువైన సరుకు కొన్నది గాని పేటెంటు హక్కు కొనడానికి వెనుకాడింది. మార్తా ఐరోపాకు వెళ్ళి బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, డెన్మార్క్, స్వీడన్, నెదర్లాండ్స్ దేశాలలో పేటెంట్లు పొందింది. 1861లో అంతర్యుద్ధం మొదలుకాగానే తిరిగివచ్చి, హక్కు కొనవలసిందని అమెరికా కాంగ్రెసును కోరింది. ఆమె అడిగినది 40,000 డాలర్లు. అదే సంవత్సరం ఆగస్టులో మంజూరైనది 20,000 డాలర్లు.

యుద్ధకాలంలో దక్షిణాది రేవులను దిగ్బంధించిన ఉత్తరాది నౌకలు చీకటిలో తప్పించుకుపోయే ఓడలను గుర్తించి పరస్పరం హెచ్చరించుకోవడానికి ఈ సంకేతాలను విరివిగా వాడాయి. 1865 జనవరిలో ఫోర్ట్ ఫిషర్ ముట్టడిలో కూడా ఇవి ఉపయోగపడ్డాయి. యుద్ధం వలన ముడిసరుకుల ధరలు పెరిగినా, మార్తా తయారీ ఖర్చు కన్న తక్కువ ధరకే సరఫరా చేయవలసి వచ్చింది. తనకు ప్రభుత్వం 1,20,000 డాలర్లు బాకీ ఉన్నదని ఆమె లెక్క వేసి చాలా ఏళ్ళు పోరాడింది. ఇవ్వజూపినది అందులో కొద్ది భాగం మాత్రమే.

1871లో తన స్వంత పేరుతో మరో పేటెంటు పొందింది. మెలి తిప్పగానే దానంతటదే అంటుకునే సంకేతం ఇది. వానలో, గాలిలో, ఊగిపోయే పడవలో అగ్గిపుల్ల గీయడం ఎంత కష్టమో ఎరిగినవారికి ఈ మార్పు విలువ వివరించనక్కరలేదు.

మహాసరస్సుల ఒడ్డున

సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో సరస్సులు పేరుకే సరస్సులు. సుపీరియర్ ఒక్కదాని వైశాల్యమే సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. నడిమధ్య నుండి ఏ ఒడ్డూ కనబడదు. శరత్కాలపు తుఫానులలో ఇక్కడ ఎన్నో ఓడలు మునిగాయి. 1870లలో అమెరికా లైఫ్ సేవింగ్ సర్వీస్ ఈ సరస్సుల తీరాన కూడా రక్షణ కేంద్రాలను నెలకొల్పింది. సుపీరియర్ దక్షిణ తీరంలో ఓడల ప్రమాదాలకు పేరుపడిన ప్రాంతంలో వెర్మిలియన్ పాయింట్ మొదలైన నాలుగు కేంద్రాలు 1876లో వెలిశాయి. చలికాలంలో నీరు గడ్డకట్టి రాకపోకలు ఆగిపోతాయి గనుక, ఇక్కడి కేంద్రాలు సాధారణంగా ఏప్రిల్ నుండి డిసెంబరు వరకు పనిచేసేవి.

రక్షకులు రాత్రంతా వంతులవారీగా ఒడ్డు వెంట నడుస్తూ కాపలా కాసేవారు. ప్రతివాని వద్ద కోస్టన్ సంకేతం ఉండేది. ఏదైనా ఓడ ప్రమాదకరంగా ఒడ్డుకు చేరువవుతుంటే ఎర్రని మంట వెలిగించి దూరంగా పొమ్మని హెచ్చరించేవాడు. ఓడ అప్పటికే మెట్టకు తగిలి ఉంటే ఆ వెలుగే వారికి, తాము ఒడ్డునున్నవారి కంట పడ్డామని, సాయం రానున్నదని తెలియజేసేది. అటుపై కాపలాదారు కేంద్రానికి పరుగెత్తి పడవను, మనుషులను తీసుకువచ్చేవాడు. ఈ సేవ 1915లో కోస్ట్ గార్డులో విలీనమయింది.

చేతితో పట్టుకునే మంటకు ఒక పరిమితి ఉన్నది. నీటిమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే వెలుగుతుంది గనుక పెద్ద అలల మధ్య చిన్న పడవ నుండి దూరానికి కనబడదు. 1870లలో నౌకాదళ అధికారి ఎడ్వర్డ్ వెరీ రూపొందించిన పిస్తోలు రంగుల తారలను ఆకాశంలోకి పంపి ఈ లోటును కొంత తీర్చింది.

చివరి సంవత్సరాలు

మార్తా 1886లో తన ఆత్మకథను ప్రచురించింది. ఆమె జీవితం గురించి నేడు తెలిసిన వివరాలలో అధికభాగం అందులోనివే. కుమారులు కూడా వ్యాపారంలో పాలుపంచుకున్నారు. ఆమె 1904లో మరణించింది. ఆమె స్థాపించిన సంస్థ 1980ల వరకు కొనసాగింది. 2006లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తి మందిరంలో ఆమెకు స్థానం కల్పించారు.

నేటి చిన్న పడవలలో

అంతర్జాతీయ నౌకాయాన నియమాల ప్రకారం ఎర్రని చేతి ఫ్లేరు ఆపదకు గుర్తు. రేడియోలో 16వ ఛానెల్, ఉపగ్రహాలకు 406 మెగాహెర్ట్జ్‌పై సంకేతం పంపే బీకన్లు వచ్చిన తరువాత కూడా దీని అవసరం తీరలేదు. బీకన్ పడవ ఉన్న చోటు తెలుపుతుంది. దగ్గరకు వచ్చిన హెలికాప్టరుకు చీకటిలో పడవ కంటికి కనబడాలి. ఫ్లేరును గాలి వీచే దిక్కుకు కాక గాలి పోయే దిక్కుకు, పడవ అంచు దాటించి, చేయి చాచి పట్టుకోవాలి. లేనిచో నిప్పు కణాలు పడవలోనే రాలుతాయి. మందు పాతబడుతుంది కనుక తయారైన 42 నెలలకు వీటి గడువు ముగుస్తుంది. అమెరికా కోస్ట్ గార్డు నియమాలు మహాసరస్సులకు కూడా వర్తిస్తాయి. వీటి ప్రకారం 16 అడుగుల కన్న చిన్న పడవలకు పగటి సంకేతాల నుండి మినహాయింపు ఉన్నది. సూర్యాస్తమయం తరువాత నీటిపై ఉంటే మాత్రం రాత్రి సంకేతాలు తప్పనిసరి.