రెండుసార్లు గద్దె దిగిన ప్రకాశం పంతులు

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి రాస్తానన్నాను. దానికి కారణం ఉంది. నేను మన బడిలో సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్ళూ ఆంధ్రకేసరి పాఠం వచ్చినప్పుడల్లా, తుపాకీకి గుండె చూపిన ఘట్టం అయిపోగానే, వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు లేచి ఒక ప్రశ్న వేసేవారు. అంత గొప్పవాడైతే సొంత పార్టీ వాళ్ళే ఆయన్ను ఎందుకు దింపేశారని. గంట కొట్టేలోగా చెప్పి ముగించగల జవాబు కాదది. ఆ ప్రశ్న వేసిన పిల్లల్లో కొందరు ఇప్పుడు తాతలై ఈ సంచిక తిరగేస్తూ ఉంటారు. ఇప్పుడు గంట కొట్టేవారు లేరు గనుక తీరిగ్గా చెబుతాను.

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు ఆయన చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ రోజుల్లో పూటకూళ్ళ ఇంటి పిల్లవాడంటే నలుగురిలో ఎంత చులకనో ఇప్పటివారికి చెప్పినా అర్థం కాదు. పరీక్ష ఫీజుకు డబ్బు లేకపోతే ఆ తల్లి పట్టుబట్ట తాకట్టు పెట్టిందని మా పెద్దలు చెప్పుకునేవారు.

ఇక్కడ ఒక ఉపాధ్యాయుణ్ణి తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆయన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. ఒంగోలు మిషన్ బడిలో పంతులు, నాటకాల పిచ్చి ఉన్న మనిషి. ఈ అల్లరి పిల్లవాడిలో ఏం చూశారో గాని, తాను రాజమండ్రి వెళ్ళేటప్పుడు వెంటబెట్టుకుపోయి, చదువు చెప్పించి, తన నాటక సమాజంలో ఆడవేషాలు కట్టించి మనిషిని చేశారు. ఆయనే లేకపోతే ప్రకాశం గారు ఒంగోలు వీధుల్లోనే ఉండిపోయేవారేమో. మన ఉపాధ్యాయ మిత్రులు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

తరువాతి సంగతులు మీకు తెలిసినవే గనుక క్లుప్తంగా చెబుతాను. రాజమండ్రిలో ప్లీడరుగా పేరు తెచ్చుకుని, ముప్పై దాటిన కొత్తలోనే ఆ ఊరి మున్సిపల్ చైర్మన్ అయ్యారు. 1904లో ఇంగ్లండు వెళ్ళి, 1907లో బారిస్టరుగా తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో లక్షలు గడించారు. 1921లో ప్రాక్టీసు వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టి, గడించినదంతా అందులో పోశారు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ రాకకు నిరసనగా మద్రాసులో జరిగిన హర్తాళులో పోలీసు కాల్పులకు ఒక యువకుడు చనిపోయాడు. శవాన్ని చూడటానికి వెళ్తున్న ప్రకాశం గారిని తుపాకీతో అడ్డగించారు. ఆయన చొక్కా గుండీలు విప్పి ముందుకు నడిచారు. ఆంధ్రకేసరి అన్న పేరు దానితో స్థిరపడింది.

ఆ గుండె చూపిన గుణం ఒకటి గుర్తుపెట్టుకోండి. పక్కనున్నవారిని సంప్రదించి చేసిన పని కాదది. ఎదుట ఏముందో లెక్కచూసుకుని చేసిన పనీ కాదు. తనకు సరి అని తోచింది, చేశారు. నా అభిప్రాయంలో ఆయన గద్దె ఎక్కడానికీ దిగడానికీ కూడా ఆ గుణమే కారణం.

1937లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు గెలిచినప్పుడు రాజాజీ ప్రధానమంత్రి అయ్యారు. (ఆ రోజుల్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి అనేవారు.) ప్రకాశం గారు రెవెన్యూ మంత్రిగా పనిచేశారు. జమీందారీ రైతుల బాధలు విచారించిన సంఘానికి అధ్యక్షులుగా ఊరూరా తిరిగి, భూమి రైతుదేనని తేల్చిన నివేదిక ఇచ్చారు. తరువాత యుద్ధం వచ్చింది, మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1942లో రాజాజీ కాంగ్రెసుతో విభేదించి బయటికి వచ్చేశారు, క్విట్ ఇండియాలో చేరలేదు. ప్రకాశం గారు మూడేళ్ళు జైల్లో ఉన్నారు.

1946లో మళ్ళీ కాంగ్రెసు గెలిచేసరికి సమస్య వచ్చింది. గాంధీగారికీ, ఢిల్లీలోని కాంగ్రెసు పెద్దలకూ రాజాజీ నాయకుడైతే బాగుండునని ఉంది. జైళ్ళనుంచి వచ్చిన శాసనసభ్యులు మాత్రం ఉద్యమం రోజుల్లో బయట ఉన్న మనిషిని మా నాయకుడిగా ఒప్పుకోమన్నారు. తమిళనాడు కాంగ్రెసు అధ్యక్షులు కామరాజ్ గారు ముత్తురంగ మొదలియారును నిలబెట్టారు. ప్రకాశం గారు పోటీ చేశారు. రాజాజీ వర్గం తటస్థంగా ఉంది. 82 ఓట్లు ప్రకాశం గారికి, 69 మొదలియారుకు వచ్చాయి. 1946 ఏప్రిల్ 30న ప్రకాశం గారు ప్రధానమంత్రి అయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 73.

ఈ లెక్క ఒకసారి నిదానంగా చూడండి. తేడా పదమూడు ఓట్లు. అవతలి 69 మంది సొంత పార్టీవారే. తటస్థంగా ఉన్నవారు తన మీద ప్రేమతో కాదు, కామరాజ్ మీద కోపంతో తటస్థంగా ఉన్నారు. పైన గాంధీగారి ఆశీస్సులు లేవు. ఆంధ్ర కాంగ్రెసులోనే పట్టాభి సీతారామయ్య గారి వర్గం ఒకటి ఎదుట ఉంది. ఇంత పలచటి నేల మీద నిలబడినవాడు మొదట చేయవలసిన పని ఏమిటి? ఓడినవారిని పిలిచి కూర్చోబెట్టుకోవడం. మన సంఘం ఎన్నికలు చూసినవారికి కూడా ఆ మాత్రం తెలుసు. ప్రకాశం గారు దానికి సమయం ఇవ్వలేదు. ఆయనకు పనులున్నాయి.

ఆ పనులు చిన్నవి కావు. రాష్ట్రంలో కొత్త బట్టల మిల్లులకు అనుమతి ఇచ్చేది లేదన్నారు. ఊళ్ళకు కావలసిన బట్ట ఊళ్ళలోనే వడికి నేయాలన్నారు. కొన్ని ఫిర్కాలను ఎంచి గ్రామాభివృద్ధి పథకం మొదలుపెట్టారు. రేషను రోజుల్లో సరుకు వ్యాపారుల చేతుల్లో చిక్కకుండా ఉత్పత్తిదారులూ వినియోగదారులూ కలిసిన సహకార సంఘాలు పెట్టించారు. చూడండి, తనను ముందు వద్దనుకున్న గాంధీగారి సిద్ధాంతాన్ని, ఆ రోజుల్లో ఏ రాష్ట్ర ప్రభుత్వమూ పట్టనంత గట్టిగా ఈయన పట్టుకున్నారు. అయితే యుద్ధం తరువాత జనానికి కట్టుకోను బట్ట దొరకడం లేదు. మరమగ్గం వద్దు, రాట్నం చాలంటే పార్టీలోనే చాలామంది ముఖాలు చిట్లించారు. కోయంబత్తూరు మిల్లు యజమానులకు తమిళ సభ్యుల్లో పలుకుబడి ఉంది. సహకార సంఘాలతో వ్యాపారులు దూరమయ్యారు. ఆ వ్యాపారులే ఊళ్ళలో కాంగ్రెసుకు చందాలిచ్చేవారు. 1947 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను నిర్బంధించడంతో వామపక్షం వారూ శత్రువులయ్యారు.

ఇక్కడ నా విద్యార్థులు ఆశించే జవాబు ఒకటుంది. మంచివాణ్ణి దుర్మార్గులు కలిసి దింపేశారని. నేను అలా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఎదుటివారిలో స్వార్థం ఉంది, తమిళ ఆంధ్ర పట్టింపులు ఉన్నాయి, మంత్రి పదవులు రానివారి కడుపుమంట ఉంది. అవన్నీ నిజమే. కానీ మామూలు సభ్యుడి బాధ కూడా నిజమే. తన జిల్లాలో అమలయ్యే పథకం సంగతి తాను పత్రికలో చదివి తెలుసుకోవలసి వస్తే, నియోజకవర్గంలో నలుగురూ అడిగినప్పుడు ఏం చెప్పాలి? నాయకుడి మాట తన మాట కాకుండా పోయినప్పుడు ఆ సభ్యుడు తిరగబడడు. ముందు మౌనంగా ఉంటాడు. సమావేశాలకు ఆలస్యంగా వస్తాడు. ఎవరైనా విమర్శిస్తే ఖండించడం మానేస్తాడు. పార్టీలో విశ్వాసం పోవడమంటే ఇదే. ఓటింగు రోజుకు అది ఎప్పుడో పోయి ఉంటుంది.

ఏడాది క్రితం ఒకరినొకరు ఓడించుకున్న వర్గాలన్నీ 1947 మార్చి నాటికి ఒక్క విషయంలో ఏకమయ్యాయి. తటస్థంగా ఉన్నవారు, మొదలియారుకు ఓటేసినవారు, పట్టాభి గారి అనుచరులు కలిశారు. శాసనసభా పక్షంలో ప్రకాశం గారికి మెజారిటీ లేదని తేలిపోయింది. ఓమండూరు రామస్వామి రెడ్డియారును కొత్త నాయకుడిగా ఎన్నుకున్నారు. మార్చి 23న ఆయన ప్రమాణం చేశారు. ప్రకాశం గారి పాలన పదకొండు నెలలు కూడా నిండలేదు. మరో అయిదు నెలలకు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దానికోసం ఆస్తంతా ధారపోసిన మనిషి ఆ రోజున పదవిలో లేరు. నాకు ఈ సంగతి ఎప్పుడు చెప్పినా గొంతు పట్టేసేది. ఆయన కలగన్న జమీందారీ రద్దు చట్టం కూడా 1948లో, ఆయన్ను దింపి వచ్చిన ప్రభుత్వం చేతుల మీదుగానే వచ్చింది.

ఎనభై దగ్గరపడిన మనిషి ఇక ఇంట్లో కూర్చుంటారనుకున్నారు అందరూ. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో రంగా గారు నీలం సంజీవరెడ్డి గారి చేతిలో ఓడిన తరువాత, ప్రకాశం గారూ రంగా గారూ కాంగ్రెసు వదిలేశారు. ప్రకాశం గారు కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో పనిచేసి 1952 ఎన్నికల్లో ఊరూరా తిరిగారు. ఆ ఎన్నికల్లో మద్రాసులో కాంగ్రెసుకు మెజారిటీ రాలేదు. ప్రతిపక్షాలన్నీ కలిసి ఈయన్ను నాయకుడిగా ఎన్నుకున్నా, గవర్నరు రాజాజీని పిలిచారు.

తరువాత పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణం, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం. అందరికీ ఆమోదమైన నాయకుడు ఎవరని వెతికితే కాంగ్రెసువారికి కూడా తాము ఆరేళ్ళ క్రితం దింపేసిన వృద్ధుడే కనిపించారు. ఆయన ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి. ప్రకాశం గారు తన పాత పార్టీ వదిలి వచ్చి ఈ పదవి తీసుకున్నందుకు సోషలిస్టులు మండిపడ్డారు. వారి కోపంలోనూ న్యాయం ఉందని నేననుకుంటాను. డేరాల్లో కచేరీలు నడిచిన ఆ కర్నూలు నుంచే పదమూడు నెలల్లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు వచ్చాయి. 1952లో తెగిపోయిన కృష్ణ ఆనకట్ట స్థానంలో విజయవాడ దగ్గర కొత్త బ్యారేజికి శంకుస్థాపన జరిగింది.

ఈసారి పేచీ మద్యనిషేధం మీద. నిషేధం విఫలమైంది, ఎత్తివేయండని ప్రభుత్వం నియమించిన రామమూర్తి సంఘమే చెప్పింది. గీత కార్మికులు బతుకుతెరువు పోయిందని గౌతు లచ్చన్న గారి నాయకత్వంలో రోడ్డెక్కారు. ప్రభుత్వం మాత్రం నిషేధం వదలలేదు. కమ్యూనిస్టులు, సోషలిస్టులు, లచ్చన్న గారి వర్గం ఏకమై 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం నెగ్గించారు. ఒక్క ఓటు తేడా. మొదటిసారి సొంత పార్టీ వదిలేసింది. ఈసారి పార్టీ వెంట నిలిచింది గాని మిత్రులు మిగల్లేదు. ఒక్క ఓటు సంపాదించుకోలేని మనిషా ఈయన అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఎవరో ఒకరి ఇంటికి నడిచి వెళ్ళి అడిగి ఉంటే వచ్చేదే. అడగడం ఆయనకు చేతకాదు. పూటకూళ్ళ ఇంట్లో పెరిగి, ఫీజు డబ్బుల కోసం బంధువుల గుమ్మాల ముందు నిలబడి వచ్చినవారికి అది చేతకాకపోవడంలో ఆశ్చర్యం లేదని నాకు తోస్తుంది. ఇది నా ఊహే, చరిత్ర కాదు.

1957 వేసవిలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడల్లో ఎండలో తిరుగుతూ వడదెబ్బ తగిలి మంచం పట్టారు. హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్నుమూశారు. లక్షలు గడించిన బారిస్టరు వెనక ఆస్తి అంటూ ఏమీ మిగల్లేదు. నా జీవిత యాత్ర అనే ఆత్మకథ ఉంది. దాని చివరి భాగాన్ని ఆయన అనుచరులు తెన్నేటి విశ్వనాథం గారు రాసి పూర్తిచేశారు. ఆయన కాలంలో శంకుస్థాపన జరిగిన బ్యారేజి పని అదే ఏడాది డిసెంబరుకు ముగిసింది. గేట్లు దించి కాలువలకు నీళ్ళు వదిలినప్పుడు చూడటానికి పంతులు గారు లేరు. ఆయన పేరు మాత్రం దానికి పెట్టారు.