జాన్ అలెన్: ఒక చిన్న రైలుమార్గపు కథ

సంక్రాంతి బొమ్మలకొలువులో మట్టితో కొండలు కట్టి, ఆవాలు చల్లి పచ్చిక మొలిపించి, అద్దపుముక్కను చెరువుగా పరచుట మన యిండ్లలోని ఆడపిల్లలకు తెలిసిన విద్యయే. వారి కొలువు కొద్దిదినములలో పెట్టె కెక్కును. ఆ విద్యనే వ్రతముగా గైకొని, ఇరువదియైదేండ్లకు పైగా ఒకే కొలువును పెంచుచు వచ్చినవాడు అమెరికా దేశీయుడగు జాన్ అలెన్.

అలెన్ 1913 జూలై 2వ తేదీన మిసోరీ రాష్ట్రమందలి జాప్లిన్ పట్టణమున జన్మించెను. పిదప కాలిఫోర్నియా చేరి ఛాయాగ్రహణమును వృత్తిగా స్వీకరించెను. వెలుగునీడలు ఒక గోడ రూపును ఎట్లు మార్చునో, ఎండకు వానకు నానిన చెక్క ఏ రంగు దేలునో కనిపెట్టు చూపు ఆ వృత్తివలన అలవడినదే కావచ్చును.

1946లో మాంటెరే పట్టణమున, ఒక నులకమంచము పాటి బల్లపై, అతడు తన మొదటి మార్గమును వేసెను. అసలు రైలులో ఎనుబదియేడవ వంతు కొలత. ఆ లెక్కన ఆరడుగుల మనిషి ఒక అంగుళమైనను ఉండడు! దానికి గోర్ అండ్ డఫెటిడ్ అని పేరు పెట్టెను. చూచుటకు రెండు ఊళ్ల పేర్లవలె నుండు ఈ మాటలను పైకి చదివినచో, నెత్తుట మునిగి ఓడినదను అర్థము ధ్వనించును. అతని హాస్యప్రియత్వ మట్టిది. ఇంజనుకు బదులు పెట్టెలను లాగుటకు ఒక రాక్షసబల్లి బొమ్మను సైతము ఆ మార్గమున నియమించెను.

ఆ కాలపు నమూనాలు పెక్కు కొత్తపెండ్లికొడుకులవలె నిగనిగలాడుచుండెడివి. అలెన్‌కు ఆ నిగారింపు గిట్టలేదు. ఇంటి కప్పునకు పలకలు సన్నని చెక్కలతో తానే కోసి అతికించును. అంతటితో ఆగక వానిలో కొన్నిటిని వంకర చేయును, కొన్నిటిని ఊడదీయును. పెట్టెలకు తుప్పు, గోడలకు మసి, ఇంజనులకు ధూళి పట్టించును. మెరుగు పెట్టుటకంటె మాపుట కష్టమని ఈ పని చేసినవారికే తెలియును. అతడు స్వహస్తములతో నిర్మించిన ఇంజనుషెడ్డు నమూనాల పోటీలో ప్రథమబహుమతి నొందెను.

1950 తరువాత కొన్నియేండ్లకు అతడు మాంటెరేలోనే పెద్దయింటికి మారి, దాని నేలమాళిగలో కొత్త మార్గము నారంభించెను. మంచమంతటి ఆ తొలి నమూనాను పారవేయక, దానినొక ముక్కగా ఇందులో పొదిగెను. ప్లాస్టరు కొండలు నేలనుండి కప్పువరకు లేచినవి. చూడవచ్చినవారు లోయల నడుమ నడచుచున్నట్లు తోచెడిది. దూరపు వస్తువులను మరింత చిన్నవిగా చేసి, చాటున అద్దము లమర్చి, గదికి లేని వైశాల్యమును తెచ్చెను. మన కొలువులో చెరువైన అద్దము అక్కడ ఊరికి రెండవ సగమైనది. నేస్తములు నియమితదినములందు చేరి, వేగముగా తిరుగు గడియారము ననుసరించి, కాలపట్టిక తప్పక బండ్లు నడిపెడివారు.

ఇంకను పని సాగుచుండగనే, 1973 జనవరి 6వ తేదీన అలెన్ గుండెపోటుతో మరణించెను. వయస్సు ఏబదితొమ్మిది. మరికొన్ని దినములకే ఆ నేలమాళిగలో నిప్పంటుకొనెను. కొండలు, వంతెనలు, ఊళ్లు, వానిలోని అంగుళము లేని మనుష్యులు చాలవరకు నాశనమైపోయిరి. కొలది వస్తువులు మాత్రము దక్కినవి.

అయినను అతడు వృత్తిచేత ఛాయాగ్రాహకుడు గదా! ఆ మార్గము నతడు ఏండ్ల తరబడి స్వయముగా చిత్రించి పత్రికలలో ప్రకటించియుండెను. ఆ చిత్రములను కూర్చి లిన్ వెస్ట్‌కాట్ అను సంపాదకుడు అతని కృషిపై ఒక గ్రంథమును సిద్ధపరచెను. 1981లో అది వెలువడునప్పటికి వెస్ట్‌కాట్ కూడ జీవించి లేడు.