మాటల మర్మమెరిగిన బ్రౌను దొర

ఒక భాషలోని మాటకు మరియొక భాషలో అర్థము చెప్పుట సులభమని చూచువారికి తోచును. ఆవునకు కౌ, నీటికి వాటర్, ఇంటికి హౌస్ అని బడిపిల్లలు సైతము వల్లింతురు. కాని ఈ సులభత్వము పది యిరువది మాటలతోనే తీరిపోవును. నిత్యము నోట నలుగు చిన్న మాటల యొద్దకు వచ్చునప్పటికి పండితుడును తడబడును. ఇంగ్లీషులో పోస్టు అనగా పాతిన గుంజ. పోస్టు అనగా ఉద్యోగము. పోస్టు అనగా తపాలా. పోస్టు అనగా సైనికులు కాపుండు తావు. బోర్డు అనగా చెక్కపలక, పెద్దల సంఘము, అద్దె భోజనము. ఫైన్ అనగా జరిమానా, సన్ననిది, మేలైనది. బెంచి అనగా బడిలో పిల్లలు కూర్చుండు బల్ల. న్యాయస్థానమున తీర్పరుల కూటమియు బెంచియే. ఏ తావున ఏ యర్థమో చుట్టునున్న వాక్యము చెప్పవలెను గాని మాట యొక్కటియే చెప్పజాలదు. ఈ చిక్కును విడదీయుటకు ముప్పది యేండ్లకు పైగా ధారపోసి, తెలుగువారికి ఇంగ్లీషును, ఇంగ్లీషువారికి తెలుగును దగ్గరచేసిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. బహుభాషలయందు అభిరుచి గలవాడు. కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో పెద్ద పదవి వహించినవాడు. ఇంటి వాతావరణమే కుమారునకు భాషలపై మక్కువ కలిగించెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. అచ్చట కంపెనీవారు తమ ఉద్యోగులకు శిక్షణ నిచ్చుటకై నెలకొల్పిన హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో బ్రౌను మద్రాసు రేవున దిగెను. అప్పటి కతనికి పందొమ్మిదవయేడు నిండలేదు. తెలుగు అక్షరము ఒక్కటియు రాదు.

మద్రాసులోని ఫోర్టు సెయింటు జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు అతనికి ఓనమాలు దిద్దించిన గురువు. 1820లో పరీక్షయందు నెగ్గి, కడప కలెక్టరునకు సహాయకుడుగా ఉద్యోగమున చేరెను. అచ్చటనే బ్రౌనుకు అసలు చదువు ఆరంభమయ్యెను. కచేరీకి వచ్చు రైతులు, కరణములు, వర్తకులు మాట్లాడు తెలుగు ఒకటి. పండితులు పాఠము చెప్పు కావ్యముల తెలుగు వేరొకటి. అంతకుముందు కాంబెల్ దొర రచించిన వ్యాకరణము 1816లోను, నిఘంటువు 1821లోను వెలువడియుండెను. మచిలీపట్టణమున మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక యను నిఘంటువును అంతకు మునుపే కూర్చియుండెను. అయినను కావ్యమును చదువగోరు పరదేశికిని, రైతు మొరను వినవలసిన అధికారికిని ఒక్కటిగా అక్కరకు వచ్చు గ్రంథము లేదు. ఆ లోటు తీర్చుటయే తన పనియని బ్రౌను క్రమముగా గ్రహించెను.

1824 ప్రాంతమున మచిలీపట్టణమున నున్నప్పుడు వేమన పద్యములు బ్రౌను కంటబడెను. ఊరూర జనుల నోట నాడుచున్నను, పండితులు నాడు ఆ పద్యములకు పెద్దపీట వేయలేదు. బ్రౌను మాత్రము వ్రాతప్రతులను తెప్పించి, పాఠములను సరిపోల్చి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చువేయించెను. వేమన మాటలు చిన్నవి, అందరివి. అయినను ఒక్కొక్క మాటలో ఎన్నో పొరలు కలవు. ఆ పద్యములను ఇంగ్లీషు చేయుచున్నప్పుడే చిన్న మాటల బరువు బ్రౌనుకు తెలిసివచ్చియుండును.

తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యము అద్వైత బ్రహ్మయ్య మొదలైన విద్వాంసుల యొద్ద బ్రౌను కావ్యములు, ఛందస్సు అభ్యసించెను. కడపలో బంగళా కొని, దానినొక విద్యాశాలగా మార్చి, జూలూరి అప్పయ్య మొదలైన పండితులను, లేఖకులను తన జీతము నుండి పోషించెను. తాటియాకు ప్రతులను సేకరించుట, చెదలు తినివేసిన చోట్లను వేరు ప్రతులతో పూరించుట, శుద్ధప్రతిని కాగితముపై వ్రాయించుట అచ్చట నిత్యము జరుగు పనులు. జీతము చాలక అప్పులపాలయ్యెను గాని పని మానలేదు. ఆ శ్రమ ఫలముగనే వసుచరిత్రము 1844లోను, మనుచరిత్రము 1851లోను వ్యాఖ్యానసహితముగా అచ్చుకెక్కెను. కడపలోను, మచిలీపట్టణములోను పేద పిల్లలకు ఉచిత పాఠశాలలు కూడ పెట్టించెను.

మాట యొక్క విలువ బ్రౌనుకు పుస్తకములలోనే గాక ప్రజల ఆకలియందును తెలిసినది. 1832-33 నందననామ సంవత్సరమున గుంటూరు సీమను ఘోరమైన కరవు పట్టుకొనెను. ఎండిన డొక్కల పేర దానిని జనులు డొక్కల కరవనిరి. ఆ జిల్లా జనులు సుమారు అయిదు లక్షలు కాగా వారిలో రెండు లక్షల వరకు నశించిరని అంచనా. బ్రౌను అప్పుడు ఆ ప్రాంతమున ఉద్యోగియై యుండెను. పై అధికారులు తమ కాగితములలో దానిని స్కేర్సిటీ యనిరి, అనగా కొరత. బ్రౌను మాత్రము ఫామిన్ అని వ్రాసెను, అనగా కరవు. ఇంగ్లీషు నిఘంటువులో ఈ రెండు మాటలును ఇరుగు పొరుగు వంటివి. రెండింటికిని తిండి చాలకపోవుట యనియే అర్థము చెప్పవచ్చును. కాని సర్కారు కాగితముపై వాటి నడుమ అగాధమున్నది. కొరత యనినచో ధర కొంత పెరిగినది, కొన్నాళ్ళు ఓర్చుకొనుడు అని యర్థము. శిస్తు వసూలు ఆగనక్కరలేదు. కరవు అనినచో జనులు చచ్చుచున్నారని యర్థము. వారిని బ్రతికించు భారము ఏలువారి తలపై పడును. పై వారు మెచ్చని మాట యని తెలిసియు బ్రౌను ఉన్నదానికి ఉన్న పేరే పెట్టెను. పాలమూరు, నల్లగొండ మెరకసీమలలో పుట్టిన వారికి ఈ భేదమును విప్పి చెప్పనక్కరలేదు. గాదె సగమైన యేడు కొరత. ఇంటికి తాళము వేసి మూటముల్లెతో వలసపోయిన యేడు కరవు. ఒకదానికి బదులు మరొకటి వ్రాసిన కలము ప్రాణములతో ఆటలాడిన కలమే యగును.

1834 తరువాత మూడేండ్లు బ్రౌను ఇంగ్లండులో గడపవలసివచ్చెను. ఆ కాలమును గూడ వృథాపుచ్చలేదు. లండనులోని కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణదేశపు వ్రాతప్రతులు చదువువారు లేక పడియుండగా చూచి, వాటిని వింగడించి, మద్రాసునకు తిరిగి పంపునట్లు చేసెను. చదువువారి నడుమనే పుస్తకము బ్రతుకునని యాతడు నమ్మెను. 1837లో తానును తిరిగి వచ్చెను. మద్రాసు ప్రభుత్వమునకు పారసీక భాషానువాదకుడయ్యెను. తరువాత తెలుగు అనువాదకుడుగను, తపాలా శాఖకు అధిపతిగను పనిచేసెను. గుంజకు, ఉద్యోగమునకు, ఉత్తరమునకు ఒక్కటే యైన పోస్టు అను మాట ఈ విధముగా బ్రౌను జీవితములోనికే వచ్చిచేరెను. 1840లో తెలుగు వ్యాకరణము వెలువరించి, అటుపై నిఘంటువుల పనిని తుదిముట్టించుటకు పూనుకొనెను.

ఆ పని యెంత కష్టమో ఒకటి రెండు ఉదాహరణములతో తెలియగలదు. ఇంగ్లీషున పుట్ అనగా ఉంచుట. దాని ప్రక్కన ఆన్ చేరినచో ధరించుట. ఆఫ్ చేరినచో వాయిదా వేయుట. అవుట్ చేరినచో దీపమార్పుట. అప్ విత్ చేరినచో ఓర్చుకొనుట. లుక్ అనగా చూచుట. ఫర్ చేరినచో వెదకుట, ఆఫ్టర్ చేరినచో కాపాడుట, ఇన్‌టు చేరినచో విచారించుట. ఇంగ్లీషువారి నిఘంటుకర్తయైన జాన్సన్ పండితుడు 1755లో ప్రకటించిన గ్రంథమున టేక్ అను ఒక్క ధాతువునకే నూటికి పైగా అర్థములు చూపెను. పెద్ద మాటలకు అర్థములు కొద్ది. చిన్న మాటలకే మెండు. పదుగురి చేతులలో మెలగు నాణెము అరిగినట్లే, పదుగురి నోట మెలగు మాట విస్తరించును.

తెలుగు మాత్రము దీనికి తీసిపోయినది కాదు. కట్టు అను ధాతువును చూడుడు. ఆవును కట్టుట, ఇల్లు కట్టుట, చీర కట్టుట, శిస్తు కట్టుట, పాట కట్టుట, జట్టు కట్టుట అని మనము అలవోకగా అందుము. ఇంగ్లీషువాడు ఇందులో ఒక్కొక్క దానికి ఒక్కొక్క క్రియ వెదకుకొనవలెను. కాలము అనగా టైమ్ అని వ్రాసి ఊరకున్నచో చాలునా? మన మెరకసీమలలో ఈ యేడు కాలము కాలేదన్నచో వానలు కురియలేదని యర్థము. పెద్దవారు కాలము చేసిరన్నచో పరమపదించిరని యర్థము. టైమ్ అను అర్థమునే నమ్ముకొన్న క్రొత్త అధికారి రైతు మొరను ఏమని గ్రహించును? కనుకనే బ్రౌను మాట ప్రక్కన మాట పెట్టి చేతులు దులుపుకొనలేదు. ఆ మాట ఏ వాక్యమున ఎట్లు వచ్చునో ప్రయోగములతో చూపెను. కవుల ప్రయోగములతో పాటు జనుల నోటి పలుకుబళ్ళకును తావిచ్చెను. గ్రామ్యములని పండితులు తీసివేయు మాటలను సైతము విడువలేదు.

తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసున వెలువడెను. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు దానికి తోడుగా వచ్చెను. ఇంగ్లీషు మాటలకు తెలుగర్థములు చెప్పుటలో మారిస్ దొర 1835 నుండియే యత్నించి యుండెను. బ్రౌను ఆ దారినే నడచి, మాటల వాడుకను మరింత విరివిగా చూపెను.

1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువు తెలంగాణమువారు ప్రత్యేకముగా స్మరింపదగినది. పారసీకము, అరబ్బీ, హిందూస్తానీ, ఇంగ్లీషు మొదలైన భాషలనుండి తెలుగులో కలిసిపోయిన మాటలకు అది అర్థములు చెప్పును. బ్రౌను పనిచేసిన సీమలు కంపెనీవారివి. నల్లగొండ, పాలమూరు సీమలు నిజాము ఏలుబడిలోనివి. ఇచ్చట మొదట పారసీకము, పిదప ఉర్దూ రాజభాషలై 1948 వరకు కచేరీల నేలినవి. జమాబందీ, వసూలు, దస్తావేజు, ఫిర్యాదు, పట్టా, ఖుష్కి, తరి వంటి మాటలు చదువురాని రైతునకును కంఠస్థమే. ఇట్టి మాటలు మైలపడినవని కొందరు పండితులు త్రోసివేసిరి. బ్రౌను త్రోసివేయలేదు. రైతు భూమి ఏ మాటపై నిలిచియున్నదో ఆ మాట ఎచ్చటనుండి వచ్చినను దాని యర్థము రైతునకు తెలియవలసినదే కదా! పట్టా యను మాట తెలుగా కాదా యను తర్కముకంటె, ఆ కాగితమున ఏమి వ్రాసియున్నదో తెలియుట వేయిరెట్లు మేలు.

ఆరోగ్యము క్షీణింపగా బ్రౌను 1854లో ఉద్యోగము విరమించి, మరుసటి యేడు లండను చేరెను. అచ్చటను తెలుగును మరువలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. వివాహము చేసికొనలేదు, పుస్తకములే యాతని సంతానము. 1884 డిసెంబరు 12వ తేదీన ఎనుబదియారేండ్ల వయసున లండనులో కన్నుమూసెను.

ఆయన పోయినను నిఘంటువు నిలిచినది. వెంకటరత్నము, కాంబెల్, కందుకూరి వీరేశలింగము పంతులు గార్లు సంస్కరించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903లో మరల వెలువడెను. నేటికిని దానిని విప్పి చూడని భాషాభిమాని అరుదు. కడపలో బ్రౌను నివసించిన తావున, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలచే, ఆయన పేర గ్రంథాలయము వెలసినది. తాను కూలిపోయిన గ్రంథములను నిలబెట్టగా, తన బంగళా కూలిన చోట గ్రంథాలయము నిలిచినది. విద్యాదాతకు ఇంతకంటె తగిన స్మారకచిహ్నము వేరొకటి యుండబోదు.

నేడు ప్రతి పల్లెలోను ఇంగ్లీషు మాట వినబడుచున్నది. దరఖాస్తులు, బ్యాంకు కాగితములు, మందుల చీటీలు, ఒప్పందపత్రములు ఆ భాషలోనే యింటికి వచ్చుచున్నవి. చార్జి అను మాటకు రుసుమనియు, బాధ్యత యనియు, నేరారోపణ యనియు అర్థములు కలవు. ఏది ఎచ్చట వర్తించునో తెలియక సంతకము చేసినవాడు నష్టపోవును. తెలియని మాట ఎదురైనప్పుడు తెలిసినట్లు తలయూపక గ్రంథాలయమునకు వచ్చి నిఘంటువు విప్పవలెను. మొదటి యర్థమునే పట్టుకొని పరుగెత్తక, కడపటి యర్థము వరకు చదివి, తన వాక్యమునకు ఏది పొసగునో తూచి చూడవలెను. ఓనమాలు రాక వచ్చిన పరదేశి మన మాటలకొరకు అంత శ్రమపడెను. మన బ్రతుకులను ముడివేసియున్న మాటలకొరకు అందులో నూరవ వంతు శ్రమయైనను మనము పడుట న్యాయము.