కావేరి ఒడ్డున కన్నడ గొంతు: బెంగుళూరు నాగరత్నమ్మ

పుష్య బహుళ పంచమి నాడు తిరువైయ్యారులో త్యాగరాజస్వామి సన్నిధి ఎదుట వందలాది విద్వాంసులు వరుసలుగా కూర్చుండి పంచరత్న కీర్తనలను ఏకకంఠంతో ఆలపించే దృశ్యాన్ని మన పాఠకులలో చాలామంది టీవీలోనైనా చూచే ఉంటారు. తెలుగు మాటలు, తమిళనేల, పాడేవారిలో కన్నడిగులు, మలయాళీలు, ఆంధ్రులు, అరవలు. ఆ వరుసలలో స్త్రీలు పురుషులతో సమానంగా కూర్చుండి పాడుతుంటారు. ఒకప్పుడు ఆ ఉత్సవంలో ఆడగొంతు వినబడరాదన్న కట్టుబాటు ఉండేదని చెబితే ఈనాటి పిల్లలు నమ్మరు. ఆ కట్టుబాటు తొలగడానికి పదిహేనేళ్ళ పోరాటం పట్టింది. ఆ పోరాటం నడిపినవారు తంజావూరు సీమకు చెందినవారు కారు, ఆంధ్రులూ కారు. మైసూరు సంస్థానంలో పుట్టి, సొంత గడ్డను విడిచి మదరాసుకు వలసవచ్చిన ఒక దేవదాసి. ఆమె బెంగుళూరు నాగరత్నమ్మగారు.

కపిలానది ఒడ్డున నంజనగూడు అనే క్షేత్రం ఉంది. శ్రీకంఠేశ్వరుని ఆలయానికి ప్రసిద్ధి. అక్కడ 1878 నవంబరు 3న ఆమె జన్మించారు. తల్లి పుట్టలక్ష్మి. తండ్రి సుబ్బారావు అనే వకీలు. ఆయన ఆ తల్లీబిడ్డలను వదిలివేయగా, పుట్టలక్ష్మి పసిబిడ్డను చంకన వేసుకొని మైసూరు చేరింది. అక్కడ ఆస్థానంతో సంబంధమున్న తిమ్మయ్య శాస్త్రి అనే సంస్కృత పండితుడు వారికి ఆశ్రయమిచ్చి, బాలికకు సంస్కృతమూ సంగీతమూ నేర్పారు. కొంతకాలానికి ఆయన ఆదరణా తప్పింది. అంటే ఊహ తెలిసీ తెలియని వయస్సులోనే ఆ పిల్ల రెండుసార్లు నిలువనీడ కోల్పోయిందన్నమాట. ఆమె తర్వాతి జీవితంలో కనిపించే పట్టుదలకు మూలం ఇక్కడే ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మైసూరు వదిలిన తరువాత వారిని ఆదుకున్నది మేనమామ వెంకటస్వామప్ప. ఆయన వయొలిన్ వాద్యకారుడు. మేనమామ ఇంటి నీడన నాగరత్నమ్మగారు కన్నడంతో పాటు తెలుగు, ఇంగ్లీషు నేర్చుకున్నారు. గానంలో ఆమెకు గురువు మునుస్వామప్ప. ఈయన గురుపరంపర వాలాజాపేట మీదుగా త్యాగరాజస్వామి వరకు పోతుంది. త్యాగయ్యగారి ప్రత్యక్ష శిష్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్, వారి శిష్యుడు మునుస్వామప్ప. ఉత్తర ఆర్కాటు సరిహద్దున ఉన్న మన పాఠకులకు వాలాజాపేట కొత్త ఊరు కాదు. చీరల బేరానికి పేరుపడిన సౌరాష్ట్రుల వంశంలో పుట్టిన వేంకటరమణులు తెలుగులో త్యాగరాజ చరిత్ర రాసిపెట్టడం, ఆ విద్య బెంగుళూరు చేరి ఒక కన్నడ బాలిక గొంతులో నిలవడం చూస్తే, భాషలకు మనం గీసుకున్న హద్దులు పాటకు లేవని తెలుస్తుంది.

పదిహేనవ ఏట పండితసభలో తొలి ప్రదర్శన. తరువాత మైసూరు ఆస్థానంలో గౌరవం. తల్లి బ్రతికి ఉండగా కన్న కల అది. బెంగుళూరులో మైసూరు ఉన్నత న్యాయస్థానం న్యాయమూర్తి నరహరిరావుగారు ఆమెకు పోషకులయ్యారు. నేడు నరహరిరాయన గుడ్డ అని పిలువబడే కొండ ఆయన పేరు మీదిదే. ఆమె విద్యకు బెంగుళూరు చాలదని, మదరాసు పొమ్మని ప్రోత్సహించింది కూడా ఆయనేనని చెబుతారు. ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్ళలో ఆమె మదరాసు చేరి జార్జిటౌనులో స్థిరపడ్డారు. అక్కడ రాజరత్న మొదలియారు అనే ధనిక వర్తకుడు ఆమెకు అండగా నిలిచారు. వీణ ధనమ్మాళ్ నివాసమూ ఆ పేటలోనే.

ఆనాటి గాయకురాలి బ్రతుకుతెరువు ఎటువంటిదో కొంచెం చెప్పుకోవాలి. ఆస్థానాల ఆదరణ తగ్గుతున్నది. కొత్తగా పుట్టిన సంగీత సభలు పట్నపు పెద్దమనుషుల చేతిలో ఉన్నవి. జమీందారు ఇంటి పెండ్లి, గుడి ఉత్సవం, గ్రామఫోను ప్లేటు, ఏ ఊరి నుంచి పిలుపు వస్తే ఆ ఊరికి రైలు ప్రయాణం; ఇదే ఆదాయం. జీతం లేదు, పింఛను లేదు. నాగరత్నమ్మగారు ఈ విధంగా వెయ్యికి మించిన కచేరీలు చేసి, స్వార్జితంతో ఇల్లూ నగలూ సమకూర్చుకొని, ప్రభుత్వానికి ఆదాయపు పన్ను కట్టే స్థితికి ఎదిగారు. పాటతో పాటు హరికథలూ చెప్పేవారు. చేతిలో నాలుగు డబ్బులు నిలిచిన ప్రతిసారీ ఆ డబ్బు తనవంటి వారి గౌరవం కోసమే ఖర్చయింది.

మొదటి ఖర్చు ఒక పుస్తకం మీద. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలో, పద్దెనిమిదవ శతాబ్దంలో, ముద్దుపళని అనే దేవదాసి రాధికాసాంత్వనమనే శృంగారకావ్యాన్ని తెలుగులో రచించింది. తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునికిచ్చి పెండ్లిచేసి, ఆపై విరహంతో అలిగిన రాధను కృష్ణుడు అనునయించడం అందులోని కథ. పద్యాలు 584. 1887లో అచ్చయిన ప్రతిని చూచిన నాగరత్నమ్మగారు దానిని వ్రాతప్రతితో పోల్చారు. కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్న భాగాన్నీ, మరికొన్ని పద్యాలనూ అచ్చువేసినవారు తొలగించినట్లు ఆమె గ్రహించారు. వావిళ్ళ వారి ద్వారా 1910లో సమగ్ర ప్రతిని పరిష్కరించి ప్రకటించారు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు అప్పటికే ఈ కవయిత్రినీ కావ్యాన్నీ ఆంధ్రకవుల చరిత్రలో ఘాటుగా నిందించి ఉన్నారు. నాగరత్నమ్మగారు తన పీఠికలో వారికి జవాబు చెప్పారు. సిగ్గు అనేది ఆడవారికి మాత్రమే ఉండవలసిన గుణమా అని నిలదీశారు. పంతులుగారు స్వయంగా సరిచూచి ఆమోదించిన వైజయంతీవిలాసంలో ఇటువంటి వర్ణనలు లేవా అని అడిగారు. సంఘసంస్కరణలో పంతులుగారికి సాటి రాగలవారు తెలుగునాట లేరు. అయినా ఈ ఒక్క తగవులో న్యాయం ఆమె పక్షాన ఉన్నదనక తప్పదు. ప్రభుత్వం అలా అనుకోలేదు. 1911లో పుస్తకం అశ్లీలమని పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. నిషేధం మూడున్నర దశాబ్దాలు సాగి, టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధానిగా ఉన్న 1946–47 కాలంలో తొలగింది. వావిళ్ళ వారి కొత్తముద్రణ 1952లో వెలువడింది. ఆమె కన్నుమూసింది ఆ ఏడే.

ఇక రెండవ ఖర్చు, ఆమె సర్వస్వాన్నీ హరించిన ఖర్చు, తిరువైయ్యారు.

ప్రకాశం జిల్లా కాకర్ల నుంచి పూర్వం తంజావూరు సీమకు వలసవచ్చిన కుటుంబంలో పుట్టిన త్యాగరాజస్వామి 1847 జనవరి 6న అక్కడ సిద్ధిపొందారు. కావేరి ఒడ్డున కట్టిన సమాధి కాలక్రమాన శిథిలమయింది. 1903లో ఉమయాళ్‌పురం భాగవతార్లు దానిని బాగుచేయించారు. 1908 ప్రాంతం నుంచి ఏటేటా ఆరాధనలు మొదలయ్యాయి. మొదలైన కొద్దికాలానికే విద్వాంసులు పెద్ద పక్షం, చిన్న పక్షం అని రెండుగా చీలిపోయారు. ఇరుపక్షాలూ ఎవరి ఉత్సవం వారు చేసుకున్నారేగాని సమాధి ఆలనాపాలనా ఎవరికీ పట్టలేదు. రెండు పక్షాలూ ఏకీభవించిన విషయం ఒక్కటే: స్త్రీలు పాడరాదు.

1921లో నాగరత్నమ్మగారి మరో గురువు బిడారం కృష్ణప్పగారి నుంచి ఒక లేఖ వచ్చింది. ఈయనా మైసూరు ఆస్థాన విద్వాంసులే. ఉడిపి సీమలో పుట్టి, పేదరికం నుంచి పైకి వచ్చిన మహాగాయకుడు. త్యాగయ్యగారి సమాధి ఎంత దుస్థితిలో ఉన్నదో ఆయన ఆ లేఖలో వివరించారు. ఆ తరువాత స్వామి ఆమెకు కలలో కనిపించారని ఒక ఐతిహ్యం. కల సంగతి ఎలా ఉన్నా, ఆమె వెంటనే తిరువైయ్యారు వెళ్ళారు, స్థలపు హక్కుదారులతో మాట్లాడి నేల సంపాదించారు. 1921 అక్టోబరు 27న శంకుస్థాపన జరిగింది. ఇంటింటా చందాలకు తిరగడం కన్న తన నగలను అమ్ముకోవడమే ఆమెకు సుఖమనిపించింది. సమాధిని ఆవరించి గుడి లేచింది, స్వామి విగ్రహం సిద్ధమయింది. 1925 జనవరి 7న ప్రతిష్ఠ. నిత్యపూజకు ఏర్పాటూ ఆమెదే. త్యాగరాజ అష్టోత్తర శతనామావళిని సంస్కృతంలో కూర్చినదీ ఆమెయే.

గుడి కట్టిన మనిషికి ఆ గుడి ముందు పాడే హక్కు లేదు. ఇంతకన్న విచిత్రం మరేముంటుంది! మరుసటి ఏడు ఆరాధనలో హరికథ చెబుతానంటే ఇరుపక్షాలూ కూడదన్నాయి. ఆమె స్త్రీ కావడం ఒక అభ్యంతరం, దేవదాసి కావడం మరొకటి.

మదరాసులోనూ తంజావూరు సీమలోనూ ఆ కాలపు దేవదాసి గాయనీమణుల స్థితి దయనీయంగా ఉండేది. గుడిమాన్యాలు పోతున్నాయి. చదువుకున్నవారు వారి కచేరీకి పోవడం తక్కువతనంగా భావించసాగారు. విద్య ఉంది, దానిని వినిపించే చోటు లేదు. నాగరత్నమ్మగారు అటువంటి వారిని పిలిచారు. రానుపోను ఖర్చులకు, బసకు, భోజనానికి తానే పూనుకొని, గుడి వెనుకభాగాన స్త్రీల ఆరాధన ఆరంభించారు. నలభైమంది వరకు వచ్చి పాడారని చెబుతారు. ముందువైపు పెద్దపక్షం వారి సంగీతం, వెనుకవైపు ఆడవారి సంగీతం. తమిళంలో దానికి పెణ్గళ్ కచ్చి, అనగా స్త్రీల పక్షం, అని పేరు వచ్చింది. హేళనగా పెట్టిన పేరో ఏమో, అది చరిత్రలో నిలిచింది. ఒకవైపు పాడుతూ, మరొకవైపు అధికారులకు అర్జీలు పెడుతూ ఏళ్ళ తరబడి ఆమె పట్టు సడలనివ్వలేదు. స్థలం కాగితాలు ఆమె పేర ఉన్నవి గనుక గెంటివేయడం ఎవరి తరమూ కాలేదు. కళాకారుని హక్కుకు పాట ఒక్కటే చాలదు, పట్టా కూడా కావాలని ఆమెకు బాగా తెలుసు!

ఇదే కాలంలో, 1927లో, డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీ వ్యవస్థ నిర్మూలనకై మదరాసు శాసనమండలిలో ప్రయత్నం ఆరంభించారు. నాగరత్నమ్మగారు దానిని వ్యతిరేకించిన దేవదాసీల సంఘంలో ముందు వరుసన నిలిచారు. ఈ ఘట్టాన్ని ఆమె అభిమానులు దాటవేస్తుంటారు; అది తగదు. గుడికి పసిపిల్లలను అంకితం చేసే ఆచారం పోవలసినదే, 1947 శాసనంతో పోయింది. డాక్టరుగారి తల్లి కూడా ఆ వర్గానికి చెందినవారే కనుక, ఆ బాధ ఆమెకు పరాయిది కాదు. అయితే ఆచారంతో పాటు ఆ స్త్రీల ఆస్తిహక్కూ, విద్యా, గౌరవమూ కొట్టుకుపోకుండా చూడండి, మా పిల్లలకు చదువు చెప్పించండి అని ఆ సంఘం చేసిన విన్నపాన్ని అప్పటివారు సరిగా వినలేదు. ఇద్దరు మహిళలు, ఇద్దరిదీ కొంతవరకు న్యాయమే. ఇందులో తీర్పు చెప్పడం అంత సులువు కాదు.

తిరువైయ్యారు తగవు 1940–41లో పరిష్కారమయింది. ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామిగారు, మరికొందరు విద్వాంసులు పూనుకొని పక్షాలన్నింటినీ ఒకే ఉత్సవం కిందికి తెచ్చారు. స్త్రీలకు ప్రవేశం లభించింది. అందరూ కలిసి పంచరత్నాలను బృందంగా పాడే పద్ధతి ఆ రాజీతోనే కుదిరింది. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న పేచీకి అందరూ ఒక్కసారిగా పాడడమే మందు అయింది.

అప్పటికి నాగరత్నమ్మగారు మదరాసు విడిచి తిరువైయ్యారులోనే కాపురం. మైసూరు నుంచి బెంగుళూరు, బెంగుళూరు నుంచి మదరాసు, మదరాసు నుంచి ఈ చిన్న ఊరు. ప్రతి మజిలీలోనూ ఇల్లు చిన్నదయింది. బెంగుళూరు అన్న మాట మాత్రం చివరిదాకా పేరు ముందు నిలిచింది. ఉన్న కాస్త ఆస్తినీ ధర్మసంస్థకు రాసి ఇచ్చారు. ఆ వీలునామాలో ఆమె పెట్టిన షరతు ముఖ్యమైనది: సమాధి వద్ద పూజకూ గానానికీ పురుషులకు ఎంత హక్కు ఉన్నదో, దేవదాసీ కులపు ఆడవారితో సహా స్త్రీలందరికీ అంతే హక్కు ఉండాలి.

1952 మే 19న ఆమె పరమపదించారు. త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగానే ఆమెకు సమాధి కట్టారు. అందులో ఆమె శిలావిగ్రహం చేతులు జోడించి స్వామివైపు చూస్తూ ఉంటుంది. తంజావూరు నుంచి తిరువైయ్యారుకు బస్సులో పదమూడు కిలోమీటర్ల ప్రయాణం. ఆరాధన రోజులలో జనం కిటకిటలాడుతుంటారు గనుక, ఆ విగ్రహం ముందు నింపాదిగా నిలబడదలచినవారు మరో నెలలో వెళ్ళడం మంచిది.